గాలి ముందు, డీజిల్ తర్వాత

6 జూలై 2024, శనివారం
డెంటన్ కౌంటీ, టెక్సాస్

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి చిల్లు పెట్టాను. ఇవాళ్టి పని అంతే. అందులో కె-రకం థెర్మోకపుల్ బిగించి, దాని తీగ తెచ్చి డాష్‌బోర్డు మీది గేజికి కలిపాను. టర్బోలోకి పోయే ముందు పొగ ఎంత కాగి ఉందో ఇకమీద కళ్ళెదుటే ఉంటుంది. ఇరవై ఏడేళ్ళ బండి ఇన్నాళ్ళూ ఆ అంకె తెలియకుండానే నడిచింది.

చిల్లు పెట్టేటప్పుడు ఒకటే భయం. ఇనుప రజను లోపల పడితే తిన్నగా వెళ్ళి టర్బైన్ రెక్కలకు తగులుతుంది. బిట్టుకి గ్రీజు దట్టంగా పూసి, కాస్త తొలవడం, బయటికి తీసి తుడవడం, మళ్ళీ తొలవడం. చివర్లో అయస్కాంతం పుల్ల పెట్టి లోపలంతా వెతికాను.

బండి వివరాలు ఒకచోట రాసి పెట్టుకోవాలి. 1997 డాడ్జ్ రామ్ 2500. కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, పన్నెండు వాల్వులది. బాష్ పి-7100 పంపు. అయిదు గేర్లు, చేత్తో వేసేవి. కంపెనీ లెక్క ప్రకారం 215 హార్స్‌పవర్, 440 పౌండ్-అడుగుల టార్క్. టర్బో హోల్సెట్ వారి హెచ్‌ఎక్స్-35. నాకు అమ్మినాయన పంపు మూత విప్పి లోపలి ఫ్యూయల్ ప్లేటు ముందుకి జరిపాడు. దానితో ఇంజన్లోకి డీజిల్ ఎక్కువ పోతోంది. గాలి మాత్రం పాత లెక్కే.

పొలానికి గడ్డి చుట్టే బేలర్ ఒకటి కొలరాడోలో, ప్యూబ్లో దగ్గర బేరం కుదిరింది. లేబర్ డే సెలవుల్లో వెళ్ళి తెచ్చుకోవాలి. ట్రెయిలర్‌తో కలిపి 9,000 పౌండ్లు, అంటే నాలుగు టన్నుల పైమాట. దారిలో రాటోన్ పాస్ ఎక్కాలి. దాని ఎత్తు 7,834 అడుగులు.

7 జూలై, ఆదివారం

అంతే బరువుకి గడ్డి ఎక్కించుకుని ఓక్లహోమా వెళ్ళి వచ్చాను. ఆర్డ్‌మోర్ దాటాక ఐ-35 మీద ఆర్బకల్ కొండలు వస్తాయి. పెద్ద ఎత్తేమీ కాదు గానీ, మా చుట్టుపక్కల బండికి పరీక్ష పెట్టాలంటే అదే దగ్గర.

ఎక్కుడు మొదలైన కాసేపటికే పొగ వేడి 1,400 ఫారన్‌హీట్ చూపించింది, అంటే 760 సెల్సియస్. టర్బో ఒత్తిడి చదరపు అంగుళానికి 20 పౌండ్ల దగ్గర ఆగిపోయింది. యాక్సిలరేటర్ ఇంకా తొక్కితే ఒత్తిడి పెరగదు, వేడి పెరుగుతుంది, అద్దంలో వెనకంతా నలుపు. కూలెంట్ 220 ఫారన్‌హీట్‌కి పాకింది. గేరు తగ్గించి కాలు ఎత్తాక గానీ ముల్లు దిగలేదు.

అల్యూమినియం కరిగేది 660 సెల్సియస్ దగ్గర. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంతో పోసినవే. అయినా వెంటనే కరగవు. సిలిండర్లో మంట క్షణంపాటే ఉంటుంది, ఆ వెంటనే చల్లగాలి వచ్చి చేరుతుంది, కిందినుంచి సన్నటి ఆయిల్ ధార పిస్టన్ని తడుపుతూనే ఉంటుంది. కానీ ఎక్కుడు మైళ్ళ తరబడి సాగితే ఆ దయ ఎక్కువసేపు ఉండదు. ఈ ఇంజన్ల మీద పనిచేసినవాళ్ళు పొగ వేడిని 1,250 ఫారన్‌హీట్ దాటనివ్వరు, 1,300కి కాలు ఎత్తేస్తారు. ఆర్బకల్‌కే 1,400 అయితే రాటోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

13 జూలై, శనివారం

బాబాయికి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున. విజయవాడ ఆటోనగర్లో ఆయన షెడ్డు ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. అయినా పొద్దున్నే వెళ్ళి కుర్చీ వేసుకు కూర్చోనిదే ఆయనకి తెల్లవారదు.

"ఏరా అబ్బాయ్, కంప్యూటర్ ఉద్యోగమని పంపితే అక్కడా పానాలే పట్టుకున్నావా?"

ఇంజను పేరు చెప్పగానే గొంతు మారింది. ఆయనకది పరాయి బండి కాదు. కమిన్స్‌తో కలిసి టాటా 1993లో జంషెడ్‌పూర్‌లో కంపెనీ పెట్టి ఈ బి-సిరీస్ ఇంజన్నే చేయించింది. టాటా లారీల్లో ఆ 5.9 లీటర్ల ఇంజను ఎక్కడికక్కడ కనబడేది. సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కి, కోరాపుట్ మీదుగా రాయపూర్ దాకా అదే ఇంజన్ని లోడుతో నడిపిన మనిషి ఆయన. అమెరికాలో డాడ్జ్ వాళ్ళు 1989లో పికప్‌కి పెట్టుకున్నదీ ఆ కుటుంబంలోదే.

"పొగ నల్లగా వేస్తోందంటే డీజిల్ చాలా పోతోందని కాదురా, గాలి చాలడం లేదని. పొయ్యిలో కట్టెలు కుక్కి ఊదకపోతే ఇంటినిండా పొగే."

"అందుకే బాబాయ్, టర్బో పెద్దది వేద్దామని."

"ఆగు. రేడియేటర్ ఎప్పుడు విప్పావు? ఇంటర్‌కూలర్ లీకు చూశావా? ఫ్యాను పట్టుకుంటోందా? అవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు టర్బో గురించి అడుగు. మా దగ్గరికి పికప్ లేదని వచ్చే బండ్లలో సగానికి టర్బో బాగానే ఉంటుంది."

ఫోన్ పెట్టేసే ముందు మరొకటి అన్నాడు. "ఘాట్ ఎక్కాక వెంటనే ఇంజను కట్టేయకు. రెండు మూడు నిమిషాలు స్లోలో వదిలెయ్. టర్బో చల్లారాలి."

20 జూలై, శనివారం

రేడియేటర్ దించాను. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతలివైపు కనబడాలి. సగం మేర కనబడలేదు. ఇంజను వైపు రేకుల మధ్య నల్లటి జిడ్డు, దాని మీద మట్టి, గడ్డి నూగు.

ఈ పన్నెండు వాల్వుల ఇంజన్లలో ఇది తెలిసిన రోగమే. క్రాంక్‌కేస్ ఊపిరి వదిలే గొట్టం ఇంజను ముందుభాగంలోనే, ఫ్యాను పక్కన ముగుస్తుంది. దాంట్లోంచి వచ్చే ఆయిల్ తుంపర ఫ్యాను గాలికి చెదిరి రేడియేటర్‌కి పడుతుంది. దుమ్ము వచ్చి దానికి అతుక్కుంటుంది. ఆ గొట్టానికి పొడవాటి పైపు తొడిగి ఛాసిస్ వెనక్కి తీసుకెళ్ళి, కొసకి చిన్న డబ్బా కట్టాను.

రేడియేటర్‌ని జిడ్డు విరిచే ద్రావణంలో నానబెట్టి, ఇంజను వైపు నుంచి ముందుకు నీళ్ళు కొట్టాను. ఒత్తిడి యంత్రం వాడలేదు, ఆ రేకులు వేలితో నొక్కినా వంగుతాయి. థర్మోస్టాట్, కింది గొట్టం, మూత కొత్తవి. మూతని చిన్నచూపు చూడకూడదు. సగం నీళ్ళు, సగం కూలెంట్ కలిపితే మామూలుగా 107 సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పౌండ్ల మూత ఒత్తిడి నిలబెడితే 129 దాకా మరగదు. రాటోన్ ఎత్తులో ఉత్త నీళ్ళు 92కే మరుగుతాయి. అలాంటిచోట ఒత్తిడి నిలవని మూత పెట్టుకుని వెళ్తే రేడియేటర్ ఎంత శుభ్రంగా ఉన్నా ఉపయోగం లేదు.

ఫ్యాను క్లచ్చి కూడా మార్చాను. దాని ముందున్న చుట్ట తీగకి రేడియేటర్ వేడిగాలి తగిలితే లోపలి సిలికాన్ ద్రవం కదిలి ఫ్యాన్ని పట్టుకోవాలి. పాతది వేడి ఇంజను మీద కూడా వేలితో తిప్పితే గిర్రున తిరిగేది. ఆర్బకల్‌లో కూలెంట్ ఎందుకు ఎక్కిందో సగం జవాబు అక్కడే దొరికింది.

ముందుభాగమంతా విప్పే ఉంది కాబట్టి టైమింగ్ మూత కూడా తీశాను. ఈ ఇంజన్ల వాళ్ళంతా భయపడే డవెల్ పిన్ అక్కడే ఉంటుంది. వేలెడంత లేని ఉక్కు ముక్క. ఏళ్ళ తరబడి అదురుకి జరిగి జరిగి ఊడి గేర్ల మధ్య పడితే ఇంజను కథ ముగుస్తుంది. నాది కొద్దిగా బయటికి వచ్చే ఉంది. లోపలికి కొట్టి, పక్క బోల్టు కింద రేకుముక్క పెట్టి, అది ఇక జరగకుండా అడ్డం కట్టాను.

27 జూలై, శనివారం

ఇవాళ గాలి లీకుల పని. టర్బో నోటికి ప్లాస్టిక్ మూత బిగించి, దానికి గాలి వాల్వు పెట్టి, కంప్రెసర్‌తో 20 పౌండ్లు ఎక్కించాను. ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్ళు. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్లోకి వచ్చే రబ్బరు గొట్టం అడుగున, బయటికి కనబడని మడతలో, నురుగు పొంగింది. చీలిక అంగుళం కూడా లేదు. స్లోలో ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, ఒత్తిడి వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. టర్బో కష్టపడి నొక్కిన గాలి కొంత రోడ్డు పాలవుతోందన్నమాట. నాలుగు గొట్టాలూ సిలికాన్‌వి వేశాను, క్లాంపులూ మార్చాను.

ఇంటర్‌కూలర్ ఎందుకన్నది కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. బయట 38 సెల్సియస్. ఆ గాలిని టర్బో 20 పౌండ్లకి నొక్కితే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకున్నా, గాలి 160 సెల్సియస్‌కి వేడెక్కుతుంది. 30 పౌండ్లకి నొక్కితే 200 దాటుతుంది. వేడి గాలి పలచన. అదే ఒత్తిడిలో ఉన్న 160 డిగ్రీల గాలిని 60కి చల్లారిస్తే, అంతే చోటులో 30 శాతం ఎక్కువ గాలి పడుతుంది. అంటే ఇంటర్‌కూలర్ ఉత్తినే చల్లార్చే పెట్టె కాదు, టర్బో పనిలో భాగస్వామి. ఇది మురికిపట్టి ఉండగా పెద్ద టర్బో వేస్తే వేడిగాలి ఇంకాస్త ఎక్కువ వస్తుంది, అంతే.

లోపల చూస్తే అడుగున ఆయిల్ పొర. కడిగి, ఒక రోజంతా తలకిందులుగా ఆరబెట్టాను. ఏసీ కండెన్సర్‌కీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య సందులో మిడతల రెక్కలు, గడ్డి పరకలు గుప్పెడు వచ్చాయి.

3 ఆగస్టు, శనివారం

టర్బో తేలింది. 2004 నుంచి 2007 దాకా వచ్చిన రామ్ బండ్ల 5.9 ఇంజన్లకి వేసిన హెచ్‌ఈ-351. తుక్కు యార్డులో దొరికింది. షాఫ్టు అటూఇటూ కదిపి చూశాను. ముందుకీ వెనక్కీ ఆట తెలియనంత, పక్కలకి కొద్దిగా. పక్క ఆట ఉండాల్సిందే. బేరింగులు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతాయి, వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. రెక్కల అంచులు గోడకి రాసుకున్న గీతలు లేవు.

ఇంకా పెద్దవి వేసుకోమని చెప్పేవాళ్ళు ఉన్నారు. పెద్ద చక్రం తిరగడం మొదలుపెట్టడానికే ఆలస్యం చేస్తుంది. లోడుతో సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఆ ఆలస్యమంతా నల్లపొగే. పందేలకి అది పనికొస్తుందేమో, నేను బేలర్ లాగాలి. ఈ 351కి గాలి నొక్కే చక్రం 60 మిల్లీమీటర్లు, నా పాతదానికంటే పెద్దది. పొగ వచ్చే హౌసింగ్ మాత్రం 9 చదరపు సెంటీమీటర్లు, పాతదాని 12 కంటే ఇరుకు. ఇరుకు కాబట్టి త్వరగా ఊపందుకుంటుంది. ఒత్తిడి మితిమీరితే వేస్ట్‌గేట్ తెరుచుకుని పొగని పక్కకి వదిలేస్తుంది. మానిఫోల్డ్ మీది ఫ్లాంజి పాత టర్బోదే సరిపోతుంది.

హోల్సెట్ అంటే ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ కంపెనీ, 1952లో మొదలై 1973లో కమిన్స్ చేతికి వచ్చింది. మన దేశంలోనూ దేవాస్‌లో వీటిని చేశారు. వదిలేసే పొగతోనే గాలి నొక్కించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంటు రాయించాడు. నూట ఇరవై ఏళ్ళు కావస్తోంది, సూత్రం ఇప్పటికీ అదే.

10 ఆగస్టు, శనివారం

మానిఫోల్డ్ బోల్టులకి వారం పొడుగునా సాయంత్రాలు తుప్పు విడిపించే నూనె పోస్తూ వచ్చాను. ఈ మానిఫోల్డ్ వేడికి ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి చివరి బోల్టుల్ని పక్కకి లాగుతుంది. తొందరపడి పానా తిప్పితే బోల్టు తల చేతికొస్తుంది, మొండెం హెడ్‌లో మిగులుతుంది. ఇవాళ అన్నీ పూర్తిగా వచ్చాయి.

టర్బో కూర్చోబెట్టడం గంట పని. దాని చుట్టూ ఉన్నవి సరిచేయడానికే రోజంతా పట్టింది. సైలెన్సర్ వైపు మూతి వేరు, దానికి మోచేతి అడాప్టర్. గాలి బయటికి వచ్చే మూతి వేరు, దానికి కొత్త గొట్టం. ఆయిల్ కిందికి దిగే పైపు వంపు కలవలేదు. అది ఏటవాలుగా తిన్నగా దిగాలి, ఎక్కడైనా ఆయిల్ నిలిస్తే సీళ్ళు దాటి పొగలోకి వస్తుంది. వేస్ట్‌గేట్ అసలు బండిలో కంప్యూటర్ చెబితే తెరుచుకునేది. నా ఇంజనుకి కంప్యూటర్ మాట వినే అలవాటు లేదు. స్ప్రింగు బిగువు మార్చుకోగలిగే యాక్చుయేటర్ వేసి, 30 పౌండ్ల దగ్గర తెరుచుకునేలా సర్దాను. అంతకు మించితే హెడ్ గ్యాస్కెట్, హెడ్ బోల్టుల సంగతి ఆలోచించాల్సి వస్తుంది. నాకా దారి వద్దు.

స్టార్టు చేయకముందు టర్బో ఆయిల్ రంధ్రంలో ఆయిల్ పోసి, డీజిల్ ఆపే సొలినాయిడ్ తీగ పీకి, ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టాను. ఎండిపోయిన బేరింగు మీద మొదటి కొన్ని సెకన్లు చేసే నష్టం తర్వాత ఎంత ఆయిల్ పోసినా తీరదు.

16 ఆగస్టు, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. గ్యారేజిలోకి వెళ్ళడానికి వీల్లేదని పొద్దున్నే మా ఆవిడ హుకుం. "ఇవాళ ఒక్కరోజు ఆ చేతులకి గ్రీజు వాసన రాకూడదు." తోరం కట్టించుకుని, తొమ్మిది రకాలూ తిని, మధ్యాహ్నం పడుకున్నాను. బండి ఒక్కరోజు ఊరికే ఉంటే పోయేదేమీ లేదు.

17 ఆగస్టు, శనివారం

మళ్ళీ అంతే బరువుతో ఆర్బకల్. వెళ్ళే ముందు ఒక పని చేశాను. పంపు మూత విప్పి, ఫ్యూయల్ ప్లేటుని వెనక్కి జరిపాను. పూర్తిగా కంపెనీ చోటికి కాదు, దానికి దగ్గరగా. టర్బో ఊపందుకునేదాకా డీజిల్‌ని ఆపి ఉంచే పళ్ళచక్రం కూడా ఒకటి రెండు పళ్ళు బిగించాను.

అదే ఎక్కుడు. పొగ వేడి 1,150 ఫారన్‌హీట్ (621 సెల్సియస్). ఒత్తిడి 29 పౌండ్లు. కూలెంట్ 198 దాటలేదు. ఫ్యాను పట్టుకున్నప్పుడు హోరు స్పష్టంగా వినబడింది. అద్దంలో వెనక బండి రంగు కనబడుతోంది.

డీజిల్ తగ్గించినా బండి మునుపటికంటే బాగా లాగింది. తగలబడకుండా పొగగా పోయే డీజిల్ వేడినే ఇస్తుంది, బలం ఇవ్వదు.

చట్టం సంగతి కూడా ఆలోచించాను. టెక్సాస్‌లో డీజిల్ బండ్లకి పొగ పరీక్ష లేదు. అయినా ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ఉంది, బండికి కంపెనీ అమర్చిన పొగ నియంత్రణలు పీకేయడం చట్టవిరుద్ధం. నేను దేన్నీ తీయలేదు. రోడ్డు మీద నల్లపొగ కావాలనే వదిలి నవ్వుకునే కుర్రాళ్ళ సరదా నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

1 సెప్టెంబరు, ఆదివారం
రాటోన్, న్యూమెక్సికో

నిన్న ఖాళీ ట్రెయిలర్‌తో యూఎస్ 287 మీద అమరిల్లో, అక్కడినుంచి డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా వచ్చాం. మా అబ్బాయి కూడా వెంట ఉన్నాడు. ఇవాళ పొద్దున ప్యూబ్లో దగ్గర బేలర్ ఎక్కించుకుని దక్షిణానికి తిరిగాం.

ట్రినిడాడ్ ఊరే ఆరువేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడినుంచి శిఖరానికి 1,800 అడుగులు ఎక్కాలి. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే. టర్బో లేని ఇంజనైతే బలంలో నాలుగో వంతు ఇక్కడే వదిలేసుకుంటుంది. టర్బో ఉన్నదీ ఆ లోటు పూడ్చడానికి ఇంకా వేగంగా తిరగాలి. చిన్న టర్బోని కొండమీద అదే పనిగా తొక్కితే మితిమీరి తిరిగి ప్రాణం మీదికి తెచ్చుకునేది అందుకే.

నాలుగో గేరు, 2,000 చుట్ల చుట్టుపక్కల, గంటకి 50 మైళ్ళు, కుడి లేను. గేజి చదివే పని అబ్బాయిది. ఒక్కో అంకె గట్టిగా చెబుతూ వచ్చాడు. 1,200 దాకా వెళ్ళింది, ఒక మలుపు దగ్గర 1,230. అక్కడే నిలబడింది. కూలెంట్ 205. పక్కనుంచి కొత్త బండ్లు దాటుకుంటూ పోయాయి. పోనీ.

దిగుడులోనూ అదే గేరు. డీజిల్ ఇంజను తనంతట తాను పెద్దగా ఆపదు, కాబట్టి బ్రేకుని ఆనించి ఉంచకుండా గట్టిగా నొక్కి వదలడం, చల్లారనివ్వడం. రాటోన్లో పెట్రోలు బంకు దగ్గర ఆపి ఇంజన్ని స్లోలో వదిలాను. ఎందుకు ఆపడం లేదని అబ్బాయి అడిగితే బాబాయి మాట చెప్పాను. పొగ వేడి 400కి దిగాక తాళం తిప్పాను.

7 సెప్టెంబరు, శనివారం

వినాయక చవితి. పొద్దున పూజ అయ్యాక బేలర్‌కీ బండికీ బొట్టు పెట్టాం. బాబాయికి అంకెలన్నీ చదివి వినిపించాను. "సుంకి ఘాట్‌లో మాకు గేజి ఎక్కడిదిరా, వాసన బట్టే" అన్నాడు. ఫ్యాను క్లచ్చి సంగతి విన్నాక మాత్రం "చెప్పానా లేదా" అని ఊరుకున్నాడు.

ఆఫీసులో ఒకాయనకి ఫోర్డ్ 7.3 పవర్‌స్ట్రోక్ ఉంది. ఏ టర్బో వేయమంటారని అడిగాడు. ఆయనకి రాసిన జవాబే ఇక్కడా ఎక్కిస్తున్నాను.

ముందు పొగ వేడి గేజి, టర్బోకి ముందువైపు పెట్టండి. తర్వాత పెడితే లోడు మీద వంద డిగ్రీలకు పైగా తక్కువ చూపించి మోసం చేస్తుంది. రెండోది, రేడియేటర్, ఫ్యాను క్లచ్చి, మూత. మూడోది, సబ్బు నీళ్ళతో గాలి లీకులు. ఇవి చేసి, లోడు వేసి, ఒక ఎక్కుడు ఎక్కి చూడండి. చాలా బండ్లకి అక్కడితోనే సరిపోతుంది. అప్పటికీ వేడి 1,250 దాటుతుంటేనే టర్బో, అదీ మీరు లాగే బరువుకి తగ్గది. డీజిల్ పెంచడం అన్నిటికంటే ఆఖరు, అవసరమైతేనే. పాత ఇంజన్లో బలానికి హద్దు గీసేది వేడి. దాన్ని కొలవకుండా టర్బో కొనకండి.